జేజి ఊడ్చిన చేను

పోయిన వారం నా గదిలో పుస్తకాల అర వెనక గోడ మీద సన్నటి మట్టిగీత ఒకటి కనిపించింది. కిందినుంచి పైకి వంకర్లు పోతూ, ఎవరో తడిమట్టితో తాడు పేని అంటించినట్టు ఉంది. గోటితో గీరితే లోపలి చెదపురుగులు గాభరాపడి అటూ ఇటూ పరుగెత్తాయి. కింది వరుసలో నా పాత డైరీలున్నాయి. వాటిని తీసి దులుపుతుంటే ఇంటి ఓనరమ్మ వచ్చి చూసి, "అయ్యో, చెప్పవేంది పాపా, ఎన్నాళ్ల నుంచి ఉండాయో ఏమో," అంటూ మందు డబ్బా తెచ్చి బుస్సుమని కొట్టింది. గదంతా ఘాటు. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని బయటికొచ్చి మేడమెట్ల మీద కూర్చున్నాను.

ఆ వాసన నాకు కొత్తది కాదు. నేను చిన్న బడిలో చదివేటప్పుడు ఒక ఎండాకాలం మా చేను మొత్తం ఇదే వాసన కొట్టింది. మెట్ల మీద కూర్చున్నంతసేపూ పుస్తకాల దిగులు నాకు లేదు. మా జేజి, ఆమె చేతిలోని చీపురు, ఎర్రటి చేనులో బారులు తీరిన మొక్కలు, వాటి మధ్య చేతులు వెనక్కు కట్టుకుని తిరుగుతున్న నాయన, ఇవే కళ్లముందు తిరిగాయి.

జేజి అంటే నాయనకు అమ్మ. మా ఊళ్లో శుభ్రానికి ఆమె పెట్టింది పేరు. తెల్లారి లేస్తూనే వాకిలి ఊడ్చి పేడనీళ్లు చల్లేది. ఆ తడిపేడ వాసన, దాని వెనకే పొయ్యిలోంచి వచ్చే కందికట్టె పొగ, ఇవి రెండూ కలిస్తేనే నాకు తెల్లారినట్టు. వసారాలో పరిచిన నాపబండలు ఆమె తుడిచి తుడిచి అద్దాల్లా అయ్యాయి. ఆమె ఇంట్లో అన్నం మెతుకు కింద పడితే ఏరుకుని తినొచ్చని ఊళ్లో అనేవారు. అట్లా అన్నప్పుడు జేజి కొంగు సర్దుకునేది. కానీ ఆ పూట మాకు ఒక రొట్టె ఎక్కువ దొరికేది. ఎదురింటి అవ్వ వాకిట్లో ఆకూ అలమూ కనిపిస్తే మాత్రం, "మనుషులుండే ఇల్లేనా అది," అని ముక్కు విరిచేది.

వాకిలి ఊడ్చేవాళ్లు ఊరికంతా ఉన్నారు. చేను ఊడ్చేది మా జేజి ఒక్కతే. ఇది నేను పోలికకు చెప్పడం లేదు. కంది కోశాక అందరూ కట్టె పీక్కుని పొయ్యిలోకి తెచ్చుకుంటారు, అంతటితో వదిలేస్తారు. జేజి మోళ్లు కూడా తవ్వి తీసేది. తర్వాత కంపచీపురు పట్టుకుని, నడుం వంచి, రాలిన కందాకును సాలువారీగా ఊడ్చి కుప్పలు పెట్టి నిప్పంటించేది. పశువులు పోతూ పోతూ పేడ వేస్తే అది ఎండకముందే ఎత్తి పిడకలు చేసేది. బస్సు రోడ్డు మా చేను పక్కనే. పోయేవాళ్లు ఆగి, "ఇది చేనా, పెండ్లిపందిరా?" అని అడిగితే ఆమె ముఖం వెలిగిపోయేది. మేం పిల్లలం గట్టు మీద పచ్చి కందికాయలు కాల్చుకుని తింటున్నా వదిలేది కాదు. "పొట్టు కింద పడేసినారంటే చూడండి. ఒళ్లో వేసుకోండి, ఇంటికాడ పారేద్దురు," అని అరిచేది. మూతులు నల్లగా చేసుకుని, ఒడినిండా పొట్టుతో మేం ఇంటికి నడిచేవాళ్లం.

చేనులో ఆమె చీపురు తగలని చోటు ఒకటే. తూర్పుమూల తంగేడు పొదల మధ్య ఒక పుట్ట ఉండేది. నాగుల చవితికి జేజి అక్కడ పాలు పోసి, నువ్వుల ఉండలు, చలిమిడి పెట్టేది. దానిచుట్టూ చెప్పులతో నడవకూడదు, చీపురు ముట్టించకూడదు. అందుకని అక్కడ తంగేడాకు, ఎండుగడ్డి, మేకల పెంటికలు, కొబ్బరిచిప్పలు, గాలికి కొట్టుకొచ్చిన కందాకు అట్లాగే పడి ఉండేవి. జేజికి ఆ మూల చూస్తే చెయ్యి దురద పుట్టేది. దండం పెట్టుకుని ముఖం తిప్పుకునేది.

నాయన తాపీ మేస్త్రీల వెంట హైదరాబాదు పోయి పని చేసేవాడు. కోతలు కాగానే పోవడం, వానలకు రావడం. నేను మొదటి నుంచీ సిగ్గుదాన్ని. నాయన వచ్చిన కొత్తలో ఆయన ముందుకు పోవడానికి కూడా సిగ్గుపడి అమ్మ కొంగు వెనక నిలబడేదాన్ని. ఆ సిగ్గు తీరి, ఆయన పక్కన కూర్చుని అన్నం తినే చనువు వచ్చేసరికి ఆయన మళ్లీ సంచి సర్దుకునేవాడు.

ఆ యేడు మాత్రం నాయన బోరు వేయించాడు. నీళ్లు సన్నగానే అయినా పడ్డాయి. వానలు పడగానే చీనీ మొక్కలు తెచ్చి నాటాడు. కిందివైపు వాళ్లు బత్తాయి అంటారు, మేం చీనీ అంటాం. మొక్కల సందుల్లో ఎప్పటిలా కంది వేశారు. ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటూ నాయన అమ్మతో అన్న మాట నేను విన్నాను.

"ఇవి ఈ ఎండాకాలం గట్టెక్కినాయంటే చాలు. నేనింక యాడికీ పోను."

"గట్టెక్కకపోతే?" అంది అమ్మ.

"మేస్త్రీ ఉండనే ఉండాడు."

అప్పటినుంచి ఆ మొక్కలు నా సొంతవి అయిపోయాయి. బడి వదలగానే చేనుకు పరుగెత్తేదాన్ని. నాయన ఉప్పు వేసి ఉడికించిన కందికాయలు తెచ్చేవాడు. గట్టు మీద కూర్చుని ఇద్దరం ఒలుచుకుని తినేవాళ్లం. పొట్టు నా ఒళ్లోనే. గిద్దలూరు వైపు రైలు కూత వినిపిస్తే ఏ బండో చెప్పేవాడు. మాటలు పెద్దగా ఉండేవి కావు. నల్లమల మీద పొద్దు వాలేదాకా అట్లాగే కూర్చునేవాళ్లం.

కంది కోత అయింది. ఆ యేడు జేజి మరింత శ్రద్ధగా ఊడ్చింది. కొడుకు తోట పెట్టాడు కదా. ఒక్క ఆకు మిగల్లేదు. కాల్చిన కందాకు కమ్మటి వాసన సాయంత్రం ఊళ్లోకి కూడా వచ్చింది. మరుసటి పొద్దున చూస్తే అలికినట్టున్న ఎర్రటి నేల మీద పచ్చటి మొక్కలు బడిలో ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయి. రోడ్డున పోయేవాళ్లు ఆగి చూశారు. జేజికి దిష్టి భయం కూడా పట్టుకుంది.

ఎండలు ముదరకముందే మొదటి మొక్క వడలింది. నీళ్లు చాలలేదేమోనని అమ్మ బిందెతో తెచ్చి పోసింది. అది నిలవలేదు, పక్కది కూడా ఆకు ముడిచింది. నాయన వంగి చూస్తే కాండం మొదట్లో మట్టి పూసినట్టు ఉంది. గోటితో గీరాడు. మట్టిపెచ్చు ఊడింది. దానికింద ఉండాల్సిన బెరడు లేదు, తెల్లగా పుల్ల కనిపించింది. చెదలు చుట్టూ కొరికి తినేశాయి.

ఆ వారమే నాయన గిద్దలూరు పోతూ నన్ను కూడా తీసుకుపోయాడు. బస్టాండు దగ్గర వేడి బొండాలు కొనిపెట్టాడు. తర్వాత మందుల దుకాణానికి పోయాం. దుకాణం భాయ్ నాయనకు పాత దోస్తు.

"చెదలా అన్నా? ఇదో, ఈ మందు నీళ్లలో కలిపి మొదట్లో పొయ్యి. పోతాయి. మళ్లా వస్తాయి," అన్నాడు భాయ్.

"మళ్లా వస్తే ఎట్ల?"

"మళ్లా నువ్వు వస్తావు. నా దుకాణం యాడికి పోతాది, ఈడే ఉంటాది." అని నవ్వి, నాయన నవ్వకపోవడం చూసి గొంతు తగ్గించాడు. "చేన్లో పుట్ట ఏమన్నా ఉందా? ఉంటే తవ్వి దాంట్లో పొయ్యి. కానీ ఇంట్లో అడిగి చెయ్యన్నా. మా అమ్మీజాన్‌కే పుట్ట అంటే భయం, మీ అమ్మ ఊరుకుంటాదా?"

నాయన మందు పోశాడు. చేనంతా ఆ ఘాటు. తర్వాత కొన్నాళ్లు చేను నిశ్శబ్దంగా అయిపోయింది. గట్టు వెంబడి ఎప్పుడూ బారులు కట్టి పోయే చీమలు లేవు. పేడపురుగులు కాళ్లు పైకెత్తి పడి ఉన్నాయి. ఎవరిదో ఎనుము పోతూ పేడ వేస్తే అది ఎవరూ ముట్టనట్టు అట్లాగే ఎండి పళ్లెంలా బిగుసుకుంది. నేల మీద గువ్వలు కూడా దిగలేదు. నాకు ఆ చేనులోకి పోవడానికి భయం వేసేది. కానీ మొక్కలు తేరుకున్నాయని నాయన సంతోషపడ్డాడు. ఆ సంతోషం ఎక్కువ రోజులు ఉండలేదు. భాయ్ చెప్పినట్టే, మొదళ్ల దగ్గర మళ్లీ మట్టి లేచింది.

ఆ పూట జేజి చాటలో కందులు చెరుగుతోంది. నాయన వచ్చి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఆ పుట్ట తీసేస్తా."

చాట ఆగింది. "ఏ పుట్ట?"

"ఎన్ని పుట్టలుండాయి మనకు?"

"నువ్వు కడుపులో పడకముందు నుంచి దానికి పాలు పోస్తాండా రా నేను. నీకు పెట్టింది కూడా ఆయన పేరే."

"పేరు పెట్టినందుకు నా మొక్కలు తినమని చెప్పినానా?"

"తినేది చెదపురుగు. పుట్టలో ఉండేది నాగేంద్రుడు. రెండూ ఒకటేనా?"

"మరి ఆ పుట్ట కట్టింది ఎవరు? నాగేంద్రుడు తాపీపని చేసినాడా?"

పొయ్యి దగ్గర అమ్మకు నవ్వొచ్చింది. దగ్గులా మార్చుకుంది. జేజి మాత్రం చాట కింద పెట్టి లేచింది.

"నన్ను ఆడ పూడ్చిపెట్టినాక తవ్వుకో పో," అంది.

నాయన అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. ఇద్దరూ చాలా రోజులు నా ద్వారా మాట్లాడుకున్నారు. "మీ నాయన్ను మజ్జిగ కావాల్నేమో అడుగు." "మీ జేజికి వద్దని చెప్పు." ఇద్దరూ నాకు ఒక బెత్తెడు దూరంలోనే ఉండేవారు.

ఒక ఆదివారం మేస్త్రీ మా ఇంటికొచ్చాడు. మంచం మీద కూర్చుని అమ్మ ఇచ్చిన టీ సాసర్లో పోసుకుని తాగుతూ, "ఉగాది అయినాక బండి పెడతాండా బావా. నీకు సీటు పెట్టాల్నా, వద్దా? తోట పెట్టినావని ఇన్నా," అన్నాడు.

నాయన కాసేపు వాకిట్లోకి చూసి, "పెట్టు," అన్నాడు.

ఆ ఒక్క మాట వినగానే నేను పుస్తకం తీసుకుని చేనుకు పోయాను. ఇంటికి ఎవరైనా వస్తే పుస్తకం పట్టుకుని చేనులోకి పారిపోయే అలవాటు నాకు ముందే ఉంది. పుట్ట వెనకైతే ఎవరూ వెతకరు. చెప్పులు విడిచి తంగేడు నీడలో కూర్చున్నాను. పుస్తకం తెరిచాను కానీ అక్షరాలు ఆనలేదు. ఊరికే ఒక ఎండుపుల్లతో పక్కనున్న ఎండిన పేడముద్దను తిరగేశాను. కింద చెదపురుగులు కిటకిటలాడుతున్నాయి. ఆకులు కదిపాను. సగం తిన్న తంగేడాకు, జల్లెడలా చిల్లులు పడ్డ కందాకు, వాటి మీద కూడా చెదలే. వీటిని తిట్టుకుంటూ తలెత్తితే పుట్ట పక్కనున్న చీనీ మొక్క కనిపించింది.

అది పచ్చగా ఉంది. మొదట్లో మట్టి లేదు. గోటితో గీరితే తడిబెరడు, పచ్చటి వాసన. దాని పక్కది చూశాను, అదీ అంతే. ఆ మూలకు నీళ్ల పైపు కూడా అందదు. పుట్టకు దగ్గరని అన్నిటికంటే ముందు అవే పోతాయని నాయన వాటి మీద ఆశ వదిలేసుకున్నాడు. అమ్మే జాలిపడి అప్పుడప్పుడు బిందెడు పోసేది. చెదల ఇంటి గడపలో నిలబడి అవి ఎట్లా బతికాయి?

నాయనకు చెప్పడానికి నోరు రాలేదు. ఆయన మంచం చుట్టూ రెండుసార్లు తిరిగి, వంటింట్లోకి పోయి, సజ్జరొట్టె తడుతున్న అమ్మ చెవిలో చెప్పాను. అమ్మ చెయ్యి ఆగింది. పెనం మీది రొట్టె మాడి కమురు వాసన వచ్చేదాకా నన్నే చూసింది. "నిజంగానే చూసినావా?" అంది.

సాయంత్రం అందరం పోయాం. జేజి మొక్క ముందు నిలబడి చేతులు జోడించింది.

"చూసినావురా? తన పక్కనుండే వాటిని ఆయనే కాచుకున్నాడు. తవ్వుతానంటివి."

"ఆ మూల నేల చలువది అమ్మా. నీడ కూడా ఉండాది," అన్నాడు నాయన. చాలా రోజులకు నేరుగా మాట్లాడినందుకు నాకు సంబరమైంది.

అమ్మ కాలితో ఆకులు కదుపుతూ నిలబడింది. "ఈడ చెత్త ఉండాది కదా," అని మెల్లగా అంది. వాళ్లిద్దరూ వాదనలో పడి ఆ మాట వినిపించుకోలేదు.

మర్నాడు పొద్దున అమ్మ నన్ను వెంటేసుకుని చేనుకు పోయింది. పశువులు తిని వదిలేసిన చొప్ప, కంది నూర్చిన పొట్టు, వేపాకు గంపలో పోసుకుని ఒక సాలులోని మొక్కలకు చుట్టూ పరిచింది. సాయంత్రం జేజి నన్ను వెంటేసుకుని చేనుకు పోయింది. ఆ చెత్త చూసి, "ఎవురికి చేతులు పడిపోనూ," అని తిట్టి అంతా ఊడ్చేసింది. మర్నాడు అమ్మ మళ్లీ పరిచింది. సాయంత్రం జేజి మళ్లీ ఊడ్చింది. ఇద్దరి వెంటా నేనే. ఇద్దరికీ గంప పట్టాను.

"ఎవురు మే ఈ చెత్త పోస్తాండేది?" అని జేజి అన్నం దగ్గర అడిగింది.

"గాలికి వచ్చి పడిందేమో అత్తా," అంది అమ్మ.

"గాలి మొక్క మొక్కకూ సమంగా పంచి పోతాదా?"

అమ్మ తల వంచుకుని నా గిన్నెలో పులుసు పోసింది. తర్వాత మాత్రం తెలివి తెచ్చుకుని, జేజి వెళ్లని పడమటి సాలులో పరిచింది. అక్కడ చెత్త కొన్ని వారాలు నిలిచింది. జేజికి ఒకరోజు మేకను వెతుక్కుంటూ అటు పోవాల్సి వచ్చింది. ఆమె చీపురు కోసం కేకవేయడం విని అమ్మ బురదకాళ్లతోనే బోరు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చింది. అత్తకు ఎదురు మాట్లాడ్డం అమ్మ ఎరగదు. ఆరోజు నేను తెచ్చి జేజికిచ్చిన ఆ చీపురును చేత్తో పట్టుకుని ఆపింది.

"అత్తా, ఒక్క నిమిషం. ఈ మొక్క గీరి చూడు. తర్వాత ఆ ఊడ్చిన సాలుది గీరు. అప్పుడు నువ్వేం చేసినా నేను మాట్లాడితే అడుగు."

జేజికి కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువైంది. కూర్చుని చెత్త జరిపి మొక్కను గీరింది. పచ్చటి బెరడు. లేచి పక్క సాలులోకి పోయి గీరింది. పెచ్చు ఊడి మట్టి రాలింది. మళ్లీ వెనక్కొచ్చి కూర్చుని ఒక ఎండుకందాకు ఎత్తి కంటికి దగ్గరగా పెట్టుకుంది. దానికి చెదలు వేలాడుతున్నాయి.

"ఇవి ఎండుటాకు తింటాండాయి," అంది.

"ఊఁ."

"పచ్చిమొక్క పక్కనే పెట్టుకుని."

"ఊఁ అత్తా."

జేజి లేచి నిలబడింది. చుట్టూ తను ఊడ్చిన చేనంతా చూసింది. వాకిలి లాంటి చేను, అందులో వాడిపోయిన మొక్కలు. ఊళ్లోకి ఎవరు కొత్తగా వచ్చినా, దారిన పోయే సాధువైనా, పాత్రలకు కళాయి పోసేవాడైనా మా ఇంట్లో తినకుండా జేజి పోనిచ్చేది కాదు. అది ఆమెకు శుభ్రం కంటే పెద్ద పట్టింపు.

"ఆకంతా ఊడ్చి కాల్చేస్తిని కదే," అంది చివరకు. "పంక్తిలో కూర్చోబెట్టి విస్తరాకు లాగేసినట్టు చేస్తిని. పాపం, ఏం తింటాయి మరి?"

అమ్మ చీపురు వదిలేసింది. ఆ చీపురు అక్కడే పడి ఉంది. జేజి దాన్ని తీసుకోకుండానే ఇంటికి నడిచింది.

మర్నాడు ఊరు లేచేసరికి జేజి తలమీద గంపతో వీధిలో ఉంది. ఎవరూ చూడకుండా చీకట్లోనే ముగించుకోవచ్చు, ఆమె అట్లా చెయ్యలేదు. అందరూ వాకిళ్లలో ఉండగానే, ముందు ఎదురింటికే పోయింది.

"వదినా, మీ దిబ్బలో ఆకు ఉందా?"

ఎదురింటి అవ్వ పళ్లు తోముకుంటూ ఆగిపోయింది. "ఉంది. నీ కంట్లో పడిందని ఇంకో మాట అంటావా ఏంది పొద్దున్నే?"

"అనడానికి రాలేదు. నాకియ్యి."

"ఎందుకు?"

"చేన్లో పొయ్యడానికి."

అవ్వ పుల్ల నోట్లోంచి తీసి పక్కింటివైపు కేకేసింది. "మేయ్, బయటికి రండి మే! వదినకు ఎండ తగిలినట్టుంది, చెత్త అడుక్కుంటాంది!"

వాకిళ్లలో అందరూ నవ్వారు. నేను జేజి వెనకాల, గంప చుట్టకుదురు పట్టుకుని, సిగ్గుతో భూమిలోకి పోతానేమో అనుకున్నాను. జేజి చెవులు ఎర్రబడ్డాయి. కానీ కదల్లేదు.

"తగిలింది లే. గంప నింపు ముందు. పైపైన పొయ్యొద్దు, అదిమి పొయ్యి. చెత్త కాడ కూడా పిసినారితనమేనా నీకు?"

అవ్వ పగలబడి నవ్వి, అదిమే పోసింది.

ఆరోజు నాయన చేనుకొచ్చేసరికి జేజి కూర్చుని మొక్కల చుట్టూ చెత్త సర్దుతోంది. ఆయన గట్టు మీదే ఆగిపోయాడు.

"అమ్మా, నువ్వేనా?"

"కాదు, నా దయ్యం. గంప అందుకో."

ఆ తర్వాత రోజులన్నీ మా ఇంటిల్లిపాదికీ అదే పని. కందిపొట్టు, చింతాకు, వేపాకు, ఎండిన అరిటాకులు, ఉగాది అయ్యాక వాడిన మామిడి తోరణాలు. చెత్తలో కాగితం ముక్కలొచ్చేవి. చెదలకంటే ముందు నేను వాటిని చదివేసేదాన్ని. సగం కథ, పెండ్లిపత్రికలో ఒక మూల, ఎవరిదో లెక్కల కాగితం. జేజి మాత్రం చెత్త కూడా వంకర లేకుండా గుండ్రంగా పరిచేది. అది ఆమె చేతివాటం, పోలేదు. నాయన మందు డబ్బా మళ్లీ తియ్యలేదు. పుట్ట ఊసెత్తలేదు.

మేస్త్రీ బండి వచ్చే రోజు పొద్దున నాయన ఒక్కడే చేనుకు పోయాడు. వెనకే నేను పోయాను. ఒక్కొక్క మొక్క దగ్గరా వంగి గీరి చూస్తూ పోయాడు. కొన్ని చేతికే ఊడి వచ్చాయి. వాటిని గట్టున పడేశాడు. చివరికి బోరు దగ్గర గోళ్లు కడుక్కుంటూ, నన్ను చూసి, "పాపా, నీ కంటికి ఎట్లుండాయి?" అని అడిగాడు.

ఇంట్లో పెద్దవాళ్లెవరూ అంతకుముందు నన్ను అట్లా అడగలేదు. సాలు చివరిదాకా మళ్లీ ఒకసారి చూశాను.

"పచ్చగా ఉండాయి," అన్నాను.

రోడ్డు మీద బండి సిద్ధంగా ఉంది. సంచులు పైన కట్టేశారు. కిటికీ పక్కన ఒక సీటు ఖాళీగా ఉంది. మేస్త్రీ బయటికి తల పెట్టి, "ఎక్కు బావా, సంచి ఏది?" అన్నాడు.

"ఈసారికి మీరు పోయి రండి," అన్నాడు నాయన.

"మొక్కలు సగం పోయినాయంట కదా బావా?"

"సగం ఉండాయి కదా."

మేస్త్రీ ఇంకేదో అనబోయి, నవ్వి, చెయ్యూపాడు. బండి పోయింది. దుమ్ము అణిగాక చూస్తే రోడ్డుకు ఇవతల జేజి, అమ్మ, నేను, నాయన నిలబడి ఉన్నాం. ప్రతి యేడూ ఆ దుమ్ములో మేం ముగ్గురమే మిగిలేవాళ్లం. "పాండి, నీళ్లు పెట్టాల," అన్నాడు నాయన. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. అంతమంది ముందు పట్టుకోవడం అదే మొదలు.

తొలివాన పడిన మర్నాడు నాయన నన్ను చేనులోకి పిలిచాడు. మామూలుగా మా చేనులో వానపడితే నీళ్లు ఎర్రగా రోడ్డు మీదికి పారేవి. ఈసారి రోడ్డు మీద ఎర్రనీళ్లు లేవు. పరిచిన చెత్త చాలావరకు మాయమైంది. కింద నేల నిండా సన్నటి బొక్కలు. నాయన ఒక మొక్క పక్కన చెయ్యి పెట్టి నొక్కితే మణికట్టు దాకా దిగింది. "లోపలంతా దారులు వేసి పెట్టినాయి," అన్నాడు, తోటి తాపీవాడి పనిని మెచ్చుకున్నట్టు. ఆ సందెవేళ చెదలకే రెక్కలొచ్చి ఊరంతా ఉసిళ్లు లేచాయి. ఎదురింటి అవ్వ చేటెడు పట్టి, రెక్కలు చెరిగి, ఉప్పూ కారం వేసి వేయించి, బొరుగుల్లో కలిపి మాకూ పంపింది. కరకరలాడుతూ నెయ్యివాసన వేశాయి. జేజి ముట్టలేదు. నాయన మాత్రం గుప్పెడు నోట్లో వేసుకుని, "మనవి అవి తిన్నాయి, వాటిని మనం తిన్నాం," అన్నాడు.

పోయిన మొక్కల చోట కొత్తవి నాటారు. అందులో కూడా కొన్ని పోయాయి. చెదలు పూర్తిగా పోయాయని కాదు, ఎప్పుడూ పోలేదు కూడా. కానీ ఏ ఎండాకాలమూ ఆ నేల మళ్లీ ఖాళీగా లేదు. కొన్నాళ్లకు పేడపురుగులు తిరిగొచ్చాయి, గువ్వలు దిగాయి. నాయన సంచి అటక మీద దూలం పక్కకు పోయింది. ఆయన దగ్గర నాకు సిగ్గు అనేదే లేకుండా పోయింది. ఆ తర్వాత నేను చదివిన పుస్తకాల్లో నేలలోని పురుగుల గురించి పెద్ద పెద్ద మాటలు చాలానే ఉన్నాయి. చదివిన ప్రతిసారీ నాకు ఒకే దృశ్యం గుర్తొస్తుంది, వీధిలో అందరూ నవ్వుతుంటే కదలకుండా నిలబడ్డ జేజి ఎర్రటి చెవులు.

ఇప్పుడు జేజి లేదు. మా వీధిలో పేడనీళ్లు చల్లేవాళ్లు లేరు, వాకిళ్లన్నీ సిమెంటు. చెత్త కూడా బండి వచ్చి ఎత్తుకుపోతుంది, అడగడానికి పోయినా ఎవరి దిబ్బలోనూ దొరకదు. తోట ఉంది, అమ్మ ఉంది. నాయన ఉన్నాడు.

మొదటి కాపు వచ్చిన రోజు జేజి ఉంది. నాయన ఒక కాయ కోసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఒలిచి, ఒక తొన నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలింది. మేం ముగ్గురం ఏమంటుందా అని ఆమె నోటివైపే చూస్తున్నాం. కళ్లు తెరిచి, కాళ్లకింది ఆకులూ పొట్టూ పుల్లలూ అంతా ఒకసారి కలయజూసింది.

"తియ్యగానే ఉండాది లే," అంది. "చేను మాత్రం నా కండ్లతో చూడలేకుండా ఉండా."

అని తొక్కను చిన్న చిన్న ముక్కలుగా చించి, చెట్టు మొదట్లో గుండ్రంగా పేర్చింది.